ప్రతి బిల్లూ తన అధికారం ఎక్కడిదో చెప్పాలి: ఆంధ్రప్రదేశ్ ఎంపీలకు విశాఖ నుంచి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ తరఫున లోక్‌సభలో ఉన్న 25 మందికి, రాజ్యసభలో ఉన్న 11 మందికి,

నమస్కారం.

నేను విశాఖపట్నం కోర్టుల్లో ప్రాక్టీసు చేసే న్యాయవాదిని. ఏ పార్టీ తరఫునా రాయడం లేదు. మీలో అధికార కూటమి వారికైనా, ప్రతిపక్షం వారికైనా నా కోరిక ఒకటే. పార్లమెంటులో ప్రవేశపెట్టే ప్రతి బిల్లుతో పాటు ఒక చిన్న వివరణ పత్రం జతచేయాలి. ఈ చట్టం చేసే అధికారం రాజ్యాంగంలోని ఏ అధికరణం నుంచి వచ్చింది, ఏడో షెడ్యూలులో (ఏ అంశం మీద కేంద్రం, ఏ అంశం మీద రాష్ట్రాలు, ఏ అంశం మీద ఇద్దరూ చట్టం చేయవచ్చో కేంద్ర, రాష్ట్ర, ఉమ్మడి జాబితాలుగా రాసిన భాగం అది) ఏ జాబితాలోని ఏ ఎంట్రీ, అంటే ఏ నంబరు అంశం కిందికి వస్తుంది, రాష్ట్రాల జాబితాలోని ఏ అంశాన్ని తాకుతుంది అనే మూడు సంగతులు అందులో ఉండాలి. ఈ నియమాన్ని రెండు సభల్లోనూ తెప్పించే పని మీరు మొదలుపెట్టండి.

ఇది లాయర్లకు మాత్రమే పట్టే విషయమని కొందరు అనుకోవచ్చు. మా ఊళ్లో రెండు రోజులు తిరిగితే అలా అనిపించదు.

1933లో మొదలైన విశాఖపట్నం పోర్టు కేంద్రానిది. నగరానికి దక్షిణాన, స్టీల్ ప్లాంటును ఆనుకుని ఉన్న గంగవరం పోర్టుకు అనుమతి ఇచ్చింది రాష్ట్రం. రెండు చోట్లకూ అదే సముద్రం మీద నుంచి అదే బొగ్గు వస్తుంది. తేడా అంతా రాజ్యాంగంలోనే ఉంది. కేంద్ర జాబితాలో 27వ ఎంట్రీ మేజర్ పోర్టులది. మిగతా పోర్టులు ఉమ్మడి జాబితాలో 31వ ఎంట్రీ కింద ఉన్నాయి. మేజర్ పోర్టు అంటే పెద్ద పోర్టు అని మామూలుగా అనుకుంటాం. రాజ్యాంగం దృష్టిలో మాత్రం పార్లమెంటు చట్టం ద్వారా దేన్ని మేజర్ అని ప్రకటిస్తే అదే మేజర్. దేశంలో అన్నిటికన్నా ఎక్కువ సరుకు దింపే పోర్టుల్లో ఒకటైన గుజరాత్‌లోని ముంద్రా ఇప్పటికీ ఆ జాబితాలో లేదు. అంటే ఈ ఎంట్రీ ఎంత దూరం వెళ్లాలో నిర్ణయించే అధికారం కూడా పార్లమెంటుకే ఉంది.

పరిశ్రమలదీ ఇదే కథ. రాష్ట్ర జాబితాలో 24వ ఎంట్రీ పరిశ్రమలు. అయితే ప్రజా ప్రయోజనం కోసం కేంద్రం నియంత్రణలో ఉండాలని పార్లమెంటు చట్టంలో ప్రకటించిన పరిశ్రమలు కేంద్ర జాబితాలోని 52వ ఎంట్రీ కిందికి వెళ్లిపోతాయి. 1951 నాటి పరిశ్రమల అభివృద్ధి, నియంత్రణ చట్టంలో అలా ప్రకటించారు, ఇనుము, ఉక్కు ఆ షెడ్యూలులోనే ఉన్నాయి. 2021లో స్టీల్ ప్లాంటు ప్రైవేటీకరణ వద్దని మన అసెంబ్లీ తీర్మానం చేసి పంపగలిగిందే తప్ప అంతకు మించి ఏమీ చేయలేకపోయింది. అక్కడ యాజమాన్యమే కేంద్రానిది కాబట్టి ఆ ప్రశ్న వేరని నాకు తెలుసు. కానీ కేంద్రం చేతిలో లేని ఉక్కు కర్మాగారమైనా, దాని నియంత్రణలో రాష్ట్రానికి మిగిలే చోటు తక్కువే.

ఇక ఫిషింగ్ హార్బర్‌కు వెళ్దాం. చేపల వేట రాష్ట్ర జాబితాలో 21వ ఎంట్రీ. ప్రాదేశిక జలాలు దాటాక జరిగే వేట కేంద్ర జాబితాలో 57వ ఎంట్రీ. ఒడ్డు నుంచి 12 నాటికల్ మైళ్ల దాకా, అంటే సుమారు 22 కిలోమీటర్ల దాకా 1994 నాటి మన రాష్ట్ర చట్టం నడుస్తుంది. అది దాటితే 200 మైళ్ల దాకా కేంద్రం మాట. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే 61 రోజుల వేట నిషేధానికి లోపల రాష్ట్ర ఉత్తర్వు, బయట కేంద్ర ఉత్తర్వు కావాలి. మరబోటు మీద ఉన్నవాళ్లకు నీళ్లలో గీత కనపడదు. చేపకు అసలే తెలియదు. అయినా ఈ విభజన నాకు నచ్చుతుంది. ఎందుకంటే ఇది రాసి ఉంది. ఎవరి దగ్గరికి వెళ్లి అడగాలో మా జాలరిపేట మనిషికి చెప్పడానికి నాకు రెండు నిమిషాలు చాలు.

రాసి లేనిచోటే చిక్కు వస్తుంది. పర్యావరణం సంగతి చూడండి. ఏడో షెడ్యూలులోని మూడు జాబితాలూ మొదటి నుంచి చివరి దాకా చదివినా పర్యావరణం అనే అంశం కనపడదు. 1976లో 42వ సవరణ అడవులను, వన్యప్రాణుల రక్షణను రాష్ట్ర జాబితా నుంచి ఉమ్మడి జాబితాకు మార్చింది. పర్యావరణాన్ని కాపాడటం రాజ్య విధి అని ఆదేశిక సూత్రాల్లో 48-ఏ కూడా చేర్చింది. అయినా జాబితాల్లో మాత్రం దానికి చోటు ఇవ్వలేదు. మరి భోపాల్ దుర్ఘటన తర్వాత 1986లో వచ్చిన పర్యావరణ పరిరక్షణ చట్టం ఎక్కడ నిలబడింది? 1972లో స్టాక్‌హోమ్‌లో జరిగిన ఐక్యరాజ్య సమితి సదస్సు మీద. అంతర్జాతీయ ఒప్పందాలను, సదస్సుల నిర్ణయాలను అమలు చేయడానికి ఏ అంశం మీదనైనా చట్టం చేయవచ్చని 253వ అధికరణం పార్లమెంటుకు అధికారం ఇస్తోంది. ఆ చట్టం కింద వచ్చిన నోటిఫికేషన్‌తోనే మా బీచ్ రోడ్డు పక్కన, ఋషికొండ దగ్గర, భీమిలి దాకా ఆటుపోటు గీత నుంచి 500 మీటర్ల వరకు ఏం కట్టాలో, ఏం కట్టకూడదో తేలుతోంది. భూమి రాష్ట్ర జాబితాలో 18వ ఎంట్రీ. ఆ భూమి మీద ఆంక్ష స్టాక్‌హోమ్ మీదుగా వచ్చింది.

ఈ ఆంక్ష తప్పని నేను అనడం లేదు. నా ఉద్దేశంలో అది ఉండి తీరాలి. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్‌.ఆర్‌. వెంకటాపురంలో స్టైరీన్ గ్యాస్ లీకైనప్పుడు మా ఊరు ఎలా పరుగెత్తిందో మీకు గుర్తుండే ఉంటుంది. మర్నాడే జాతీయ హరిత ట్రిబ్యునల్ తనంతట తానే ఆ కేసు చేపట్టి 50 కోట్లు ముందుగా డిపాజిట్ చేయమంది. ఆ ట్రిబ్యునల్‌ను పెట్టిన 2010 చట్టం కూడా స్టాక్‌హోమ్, రియో సదస్సుల మీద ఆధారపడినదే. ఎవరూ ఫిర్యాదు చేయకుండా తానే కేసు తీసుకునే అధికారం ట్రిబ్యునల్‌కు ఉందని ఆ చట్టంలో ఎక్కడా మాటల్లో లేదు. ఉందా లేదా అనే వాదన సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. చట్టం ఉద్దేశాన్ని బట్టి ఆ అధికారం ఉన్నట్టేనని 2021 అక్టోబరులో కోర్టు చెప్పింది. రాయని అధికారం మా ఊరి జనానికి మేలు చేసిన సందర్భం అది. అందుకే రాయనిదేదీ ఉండకూడదనే వాదన నాది కాదు.

హుద్‌హుద్ కూడా అంతే. 2014 అక్టోబరు 12న తుపాను మా మీద పడ్డప్పుడు ఎవరికీ జాబితాలు గుర్తు రాలేదు, రావాల్సిన అవసరమూ లేదు. కానీ విపత్తు నిర్వహణ అనే అంశం కూడా ఆ జాబితాల్లో లేదన్నది నిజం. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టాన్ని ఉమ్మడి జాబితాలో 23వ ఎంట్రీ కింద, అంటే సామాజిక భద్రత, సామాజిక బీమా అనే అంశం కింద చేశారు. పదిహేనేళ్ల తర్వాత 2020 మార్చిలో దేశమంతా తలుపులు వేసుకున్నది ఇదే చట్టం కింద. ప్రజారోగ్యం రాష్ట్ర జాబితాలో 6వ ఎంట్రీ. ఊళ్లో ఏ దుకాణం తెరవాలో చెప్పే ఉత్తర్వు మాత్రం ఢిల్లీ నుంచి వచ్చింది. సామాజిక బీమా అనే మాట అంత దూరం సాగుతుందని 2005లో సభలో కూర్చున్నవారిలో ఎంతమంది ఊహించి ఉంటారు? ఆ రోజు బిల్లు వెంట ఆ ఎంట్రీ పేరు, దాని కారణం, రాష్ట్ర జాబితాలో అది తాకే అంశాలు రాసిన కాగితం ఉండి ఉంటే, కనీసం ఒక్క సభ్యుడైనా లేచి దీని హద్దు ఎక్కడని అడిగేవారు. నేను అడుగుతున్నది ఆ అవకాశం కోసమే.

జాతీయ శాసనసభకు పేర్కొన్న అధికారాలే ఉంటాయా, వాటి వెంట అంతర్లీనంగా మరికొన్ని వస్తాయా అనే వాదన మనం కనిపెట్టింది కాదు. 1790 డిసెంబరులో అమెరికాలో జాతీయ బ్యాంకు పెట్టాలని ఆర్థిక మంత్రి అలెగ్జాండర్ హామిల్టన్ ప్రతిపాదించారు. రాజ్యాంగంలో కాంగ్రెస్‌కు ఇచ్చిన అధికారాల పట్టికలో బ్యాంకు లేదు కాబట్టి కుదరదని థామస్ జెఫర్సన్ అభ్యంతరం చెప్పారు. పన్నులు వసూలు చేయడం, అప్పు తేవడం, సైన్యాన్ని పోషించడం పట్టికలో ఉన్నాయి, వాటికి బ్యాంకు తగిన సాధనం కాబట్టి కుదురుతుందని హామిల్టన్ జవాబు. అధ్యక్షుడు వాషింగ్టన్ సంతకం పెట్టారు. ఆ తర్వాత పెట్టిన రెండో బ్యాంకు మీద మేరీలాండ్ రాష్ట్రం పన్ను వేస్తే, 1819లో జాన్ మార్షల్ నాయకత్వంలోని సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా హామిల్టన్ వైపు నిలిచింది. లక్ష్యం రాజ్యాంగబద్ధమైతే, దానికి తగినట్టుండి రాజ్యాంగం నిషేధించని సాధనాలన్నీ చెల్లుతాయని ఆ తీర్పు సారాంశం. వందేళ్లు దాటాక అదే బాటలో ఇంకా ముందుకు వెళ్లి, ఒక రైతు తన పొలంలో సొంత వాడకానికి పండించుకున్న గోధుమ కూడా కాంగ్రెస్ నియంత్రించగల అంతర్రాష్ట్ర వాణిజ్యం కిందికే వస్తుందని 1942లో చెప్పారు. 1995లో బడి దగ్గర తుపాకుల కేసులో మాత్రం అదే కోర్టు ఇక ఆగమంది. సాగదీయడం మొదలయ్యాక ఎక్కడ ఆపాలన్నది వాళ్లకు ఈ రోజుకీ తేలలేదు.

మన ఏర్పాటు వేరు. అక్కడ ఒకటే పట్టిక, కేంద్రానిది. మిగిలిందంతా రాష్ట్రాలది. ఇక్కడ ఇద్దరికీ పట్టికలున్నాయి, మధ్యలో ఉమ్మడిది ఇంకొకటి. మొదట్లో కేంద్రానికి 97, రాష్ట్రాలకు 66, ఉమ్మడిగా 47 ఎంట్రీలు. ఎక్కడా లేనిది 248వ అధికరణం, 97వ ఎంట్రీ ప్రకారం కేంద్రానికే పోతుంది. ఇలా ఉండాలని మొదట అనుకోలేదు. 1946 కేబినెట్ మిషన్ పథకంలో కేంద్రానికి ఇచ్చింది విదేశీ వ్యవహారాలు, రక్షణ, కమ్యూనికేషన్లు మాత్రమే. మిగిలిన అధికారాలు దేశంలో చేరే ప్రాంతాలకే ఉంటాయని ఆ డిసెంబరులో రాజ్యాంగ సభ ముందుకు వచ్చిన లక్ష్యాల తీర్మానం కూడా చెప్పింది. దేశ విభజన ఖాయమయ్యాక బలమైన కేంద్రం కావాలనే నిర్ణయానికి వచ్చారు. ముసాయిదా కమిటీలో మన నెల్లూరు జిల్లాకు చెందిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ ఉన్నారు. ఆనాటి పరిస్థితుల్లో వాళ్లు తీసుకున్న నిర్ణయం తప్పని నేను అనలేను. కానీ 66 అంశాలను పేరుపేరునా రాసి రాష్ట్రాలకు ఇచ్చింది కూడా వాళ్లే. పేరు పెట్టి ఇచ్చినదాన్ని పేరు చెప్పకుండా తీసుకోకూడదన్నదే నా వాదన మొత్తం.

మన కోర్టులు అంతర్లీన అధికారాన్ని 1940 నుంచే ఒప్పుకుంటున్నాయి. ఎంట్రీలను ఇరుకుగా చదవకూడదని, వాటికి అనుబంధంగా ఉండే విషయాలు కూడా వాటిలో భాగమేనని ఆ ఏడాది ఫెడరల్ కోర్టు (సుప్రీంకోర్టుకు ముందున్న కోర్టు) యునైటెడ్ ప్రావిన్సెస్ కౌలు కేసులో చెప్పింది. 1947లో లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్, అప్పట్లో మన చివరి అప్పీలు కోర్టు, బెంగాల్ వడ్డీ వ్యాపారుల చట్టం కేసులో, చట్టం సారం ఏ జాబితాకు చెందుతుందో చూడాలి, దారిలో పక్క జాబితాను కొంచెం తాకినా ఫరవాలేదంది. ఈ రెండు సూత్రాలూ నేటికీ నడుస్తున్నాయి. వీటికి హద్దు గీసిన తీర్పుల్లో రెండు మన వైపువే కావడం నాకు గర్వంగా ఉంటుంది. 1953లో పర్లాకిమిడి గజపతి నారాయణదేవ్ ఒడిశా ఎస్టేట్ల రద్దు మీద వేసిన కేసులో, నేరుగా చేసే అధికారం లేనిదాన్ని ముసుగు వేసి చేసినా చెల్లదనే సూత్రాన్ని సుప్రీంకోర్టు వివరంగా చెప్పింది. కేసు ఆయన ఓడిపోయారు. సూత్రం మాత్రం దేశానికి మిగిలింది. 1958లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మీద మద్రాసు నూలు వర్తకులు వేసిన సుందరరామయ్యర్ కేసులో, పన్ను వేసే అధికారం ఎప్పుడూ విడిగా రాసి ఉండాలి, మరో అంశానికి అనుబంధంగా దాన్ని ఊహించుకోకూడదని తేల్చారు. అంతర్లీనంగా ఏది వస్తుంది, ఏది రాదు అన్నదానికి దీనికన్నా స్పష్టమైన గీత మన న్యాయశాస్త్రంలో నాకు కనపడలేదు.

అయితే కోర్టులు ఉన్నాయి కదా, అవే చూసుకుంటాయి అంటారు. 1989లో రెండు తీర్పులు వచ్చాయి, రెండూ ఏడుగురు జడ్జీల ధర్మాసనాలవే. ఒకటి ఖనిజాల రాయల్టీని పన్నుగా చూసి రాష్ట్రాల చేతులు కట్టేసింది. రెండోది పారిశ్రామిక ఆల్కహాల్ మీద రాష్ట్రాలకు అధికారం లేదంది. రెండింటినీ తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనాలు 8-1 మెజారిటీతో 2024లో కొట్టేశాయి, ఒకటి జులైలో, ఇంకొకటి అక్టోబరులో. మధ్యలో ముప్పై అయిదేళ్లు గడిచాయి. అంతకాలం రాష్ట్రాల ఖజానాలకు రావాల్సినదేదో రాలేదు. ఇంకోవైపు ఆ తీర్పులను నమ్మి లెక్కలు వేసుకున్న కంపెనీలకు 2005 నుంచి బకాయిల భారం పడే పరిస్థితి వచ్చింది. ఎవరికీ మంచి జరగని ఆలస్యం ఇది. సభలో ఒక పూట చర్చకు అంత ఖర్చు ఉండదు.

కొన్నిసార్లు కోర్టు జవాబు చెప్పే అవకాశమే రాదు. 2020 వ్యవసాయ చట్టాలనే తీసుకోండి. వ్యవసాయం రాష్ట్ర జాబితాలో 14వ ఎంట్రీ, మార్కెట్లు 28వ ఎంట్రీ. మన మార్కెట్ యార్డులు నడిచేది 1966 నాటి రాష్ట్ర చట్టం మీద. కేంద్రం ఆధారపడింది ఉమ్మడి జాబితాలోని 33వ ఎంట్రీ మీద. 1954లో మూడో సవరణతో అందులో ఆహార పదార్థాల వర్తక వాణిజ్యాలు చేరాయి. తిండి గింజల వ్యాపారం అనే ఆ మాటలో యార్డు బయట జరిగే కొనుగోళ్లకు మార్కెట్ ఫీజు తీసేసే అధికారం కూడా ఇమిడి ఉందా? ఉందనేవాళ్లకూ లేదనేవాళ్లకూ గట్టి వాదనలే ఉన్నాయి. నాకు లేదనే అనిపిస్తుంది, ఎందుకంటే అలా చదివితే 28వ ఎంట్రీలో రాష్ట్రాలకు సంతలు తప్ప ఏమీ మిగలవు. 2021 జనవరిలో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది, నవంబరులో పార్లమెంటు వాటిని రద్దు చేసింది. అధికారం ఉందా లేదా అనే ప్రశ్న అలాగే ఉండిపోయింది. ఏడాది పాటు రైతులు రోడ్డు మీద కూర్చున్న ఆ చట్టాల విషయంలో మొదటి ప్రశ్నకే ఈనాటికీ అధికారిక జవాబు లేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఏ ఎంట్రీ అయితేనేం, ఏదో ఒకటి దొరుకుతుంది కదా అని మీలో ఎవరైనా అనవచ్చు. 1971లో సంపద పన్ను కేసులో సుప్రీంకోర్టు దాదాపు అలాగే చెప్పింది. రాష్ట్ర జాబితాలో లేకపోతే చాలు, పార్లమెంటుకు అధికారం ఉన్నట్టే అని. చట్టం చెల్లుతుందా లేదా అన్నంతవరకు అది సరిపోవచ్చు. చెల్లిన తర్వాత జనం ఎలా బతకాలన్నదానికి సరిపోదు. చట్టం ఇంట్లోకి ఏ తలుపు నుంచి వచ్చిందన్న దాన్ని బట్టి, ఆ తర్వాత దాన్ని సర్దుకునే వీలు మనకు ఎంత ఉందో తేలుతుంది.

ఉమ్మడి జాబితా నుంచి వచ్చిన చట్టమైతే రాజ్యాంగంలో 254(2) అధికరణం ఉంది. రాష్ట్రం తనకు తగ్గట్టు సవరణ చేసుకుని రాష్ట్రపతి ఆమోదం తెచ్చుకోవచ్చు. 2013 భూసేకరణ చట్టాన్ని మన రాష్ట్రం 2018లో అలాగే సవరించింది. కొన్ని రకాల ప్రాజెక్టులకు సామాజిక ప్రభావ అంచనా అక్కర్లేదని అందులో చేర్చారు. భూమి పోయే రైతు వైపు నుంచి చూస్తే ఆ సవరణ నాకు నచ్చలేదు. రాష్ట్రం చేతిలో ఉంటే అంతా మేలే జరుగుతుందని నేను అనడం లేదని చెప్పడానికే దీన్ని ఎత్తుకున్నాను. కానీ నచ్చకపోతే మా ఎమ్మెల్యేను నిలదీయవచ్చు. అంత దగ్గరలో జవాబుదారీ ఉంది.

252వ అధికరణం నుంచి వచ్చినదైతే అలా కాదు. రెండు లేదా అంతకన్నా ఎక్కువ రాష్ట్రాలు తీర్మానం చేసి తమ అధికారాన్ని పార్లమెంటుకు అప్పగించే దారి ఇది. 1976 నాటి పట్టణ భూ పరిమితి చట్టం, మా ఊళ్లో యూఎల్‌సీ అంటే చాలు అందరికీ తెలిసిపోయే చట్టం, ఇలా వచ్చిందే. అప్పగించిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఒకసారి ఇచ్చాక దాన్ని సవరించే అధికారం అసెంబ్లీకి ఉండదు. 1999లో పార్లమెంటు ఆ చట్టాన్ని రద్దు చేసింది. ఆ రద్దును మన రాష్ట్రం 2008లో గానీ స్వీకరించలేదు. విశాఖలో స్థలాల కాగితాలు చూసే ఏ లాయరునైనా అడగండి, యూఎల్‌సీ అనే మూడక్షరాల వల్ల ఎన్ని కుటుంబాలు ఎంత టెన్షన్ పడ్డాయో చెబుతారు.

253 నుంచి వచ్చినదాని మీద రాష్ట్రానికి చెప్పే మాట ఇంకా తక్కువ. ఒప్పందం మీద సంతకం చేసేది కేంద్రం. సంతకానికి ముందు రాష్ట్రాలను అడగాలనే నియమం రాజ్యాంగంలో లేదు. 254(2) ఉమ్మడి జాబితా అంశాలకే వర్తిస్తుంది. 97వ ఎంట్రీ నుంచి వస్తే ఆ అంశం పూర్తిగా కేంద్రానిదే. కాబట్టి బిల్లు చర్చకు వచ్చిన రోజే దాని మూలం ఏదో మీకు తెలియాలి. మీ ద్వారా మాకు తెలియాలి. ఆమోదం పొందాక పదేళ్లకు అటార్నీ జనరల్ కోర్టులో చెబితే తెలుసుకోవడం కాదు.

నేను అడిగేది కొత్త సంప్రదాయం కూడా కాదు. లోక్‌సభ నియమాల ప్రకారం ఖర్చు ఉన్న బిల్లుతో ఆర్థిక వివరణ పత్రం జతచేయాలి, అది 69వ నియమం. కింది అధికారులకు నిబంధనలు చేసే అధికారం ఇస్తే దానికీ ఒక పత్రం ఉండాలి, అది 70వ నియమం. డబ్బుకూ, అప్పగించిన అధికారానికీ లెక్క చెప్పమంటున్నాం. మూల అధికారానికి ఎందుకు అడగకూడదు? 72వ నియమం ప్రకారం, ఈ బిల్లు చేసే అధికారం సభకు లేదని ఎవరైనా అభ్యంతరం చెబితే స్పీకర్ పూర్తి చర్చకు అనుమతించవచ్చు. ఆచరణలో స్పీకర్లు ఈ ప్రశ్న మీద తీర్పు చెప్పరు, సభకు వదిలేస్తారు. సభలో సంఖ్యాబలం ఎటుందో అటే తేలుతుంది. ముందుగా రాతపూర్వక ఆధారం చేతిలో లేకపోతే అభ్యంతరం చెప్పే సభ్యుడు గాలిలో కత్తి తిప్పినట్టే అవుతుంది.

బయటి దేశాల అనుభవం కూడా ఉంది. స్కాట్లాండ్ పార్లమెంటులో బిల్లు పెట్టేవారు అది తమ శాసనసభ అధికార పరిధిలో ఉందని ప్రకటన ఇవ్వాలని 1998 చట్టంలోనే రాశారు. అమెరికా ప్రతినిధుల సభ 2011 జనవరి నుంచి ప్రతి బిల్లుకూ రాజ్యాంగ ఆధారం చెప్పాలనే నియమం పెట్టుకుంది. అక్కడి అనుభవంలో ఒక లోపం బయటపడింది. చాలామంది సభ్యులు మొదటి అధికరణంలో ఎనిమిదో సెక్షన్ అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటున్నారు. కాంగ్రెస్ అధికారాల్లో చాలావరకు ఉన్నది ఆ సెక్షన్‌లోనే కాబట్టి అలా రాసినా రాయకపోయినా ఒకటే. మనం ఆ పొరపాటు చేయకూడదు. కేంద్ర జాబితా అని రాస్తే చాలదు, ఎంట్రీ నంబరు ఉండాలి. అనుబంధ అధికారం మీద ఆధారపడితే ఏ ఎంట్రీకి అనుబంధమో, ఎలా అనుబంధమో రెండు వాక్యాల్లో చెప్పాలి. 97వ ఎంట్రీ మీద ఆధారపడితే రాష్ట్ర జాబితాలో ఎందుకు పడదో చెప్పాలి.

దీనివల్ల కేంద్రం చేతులు కట్టేసినట్టు అవుతుందనే అభ్యంతరం ఢిల్లీలో వస్తుంది. కట్టేయదు. ఆ పత్రంలో రాసిన ఎంట్రీయే శాశ్వతమని, కోర్టులో ఇంకో ఎంట్రీ చూపించకూడదని నేను కోరడం లేదు. మన కోర్టులు కూడా అధికారం ఎక్కడో ఒకచోట ఉంటే చాలు, తప్పు చోటు చూపినంత మాత్రాన చట్టం చెడదనే చెబుతున్నాయి. ఆ రక్షణ అలాగే ఉండనివ్వండి. తుపాను వచ్చినప్పుడు, మహమ్మారి వచ్చినప్పుడు అత్యవసరంగా తెచ్చే బిల్లుకు కూడా ఒక పేజీ రాయడానికి న్యాయశాఖకు ఒక పూట పట్టదు. ఏ ఎంట్రీ కింద చేస్తున్నామో ఆ శాఖ ఫైళ్లలో ఎలాగూ ఉండే ఉంటుంది. దాన్ని సభ బల్ల మీద పెట్టమంటున్నాను, అంతే.

మన రాష్ట్రం నుంచే ఇది ఎందుకు మొదలవ్వాలంటే, మన తీరం అలాంటిది. పాత 1908 పోర్టుల చట్టం స్థానంలో 2025లో కొత్త చట్టం వచ్చింది. మేజర్ కాని పోర్టుల మీద రాష్ట్రాల మాట తగ్గుతుందేమోనని ముసాయిదా దశలోనే, 2021లో, తమిళనాడు ముఖ్యమంత్రి మనతో సహా తీరప్రాంత రాష్ట్రాల ముఖ్యమంత్రులకు లేఖ రాశారు. పోర్టులు, చేపలు, బీచ్ ఇసుక, సముద్రపు గాలి, ఉక్కు, తుపాను అన్నీ ఒక్క జిల్లాలో కలిసే చోటు విశాఖ. ఇక్కడ జాబితాల గొడవ రోజూ ఎవరో ఒకరి తిండి మీదికి వస్తుంది.

వచ్చే సమావేశాల్లోనే చేయదగ్గవి మూడు ఉన్నాయి. లోక్‌సభ సభ్యులు స్పీకర్ అధ్యక్షతన ఉండే నియమావళి కమిటీకి, రాజ్యసభ సభ్యులు ఛైర్మన్ అధ్యక్షతన ఉండే అలాంటి కమిటీకే ఈ సవరణను రాతపూర్వకంగా ప్రతిపాదించండి. పార్టీలకు అతీతంగా 36 మందీ సంతకం పెడితే దాన్ని పక్కన పెట్టడం ఎవరికీ సులువు కాదు. నియమం వచ్చేదాకా, ప్రతి కొత్త బిల్లు ప్రవేశపెట్టే రోజు మీలో ఒకరు లేచి ఇది ఏ ఎంట్రీ కింద తెస్తున్నారని మంత్రిని అడగండి. జవాబు సభ రికార్డులోకి ఎక్కుతుంది, కోర్టులో రేపు మాకు అదే ఆధారం అవుతుంది. ఇక మూడోది, పర్యావరణం, విపత్తు నిర్వహణ అనే రెండు అంశాలకు జాబితాల్లో చోటు ఇవ్వాలని ఒక ప్రైవేటు సభ్యుల తీర్మానం పెట్టండి. నా అభిప్రాయంలో రెండూ ఉమ్మడి జాబితాలో ఉండాలి. మీకు మరోలా అనిపిస్తే, మరోలా ఎందుకో సభలోనే చెప్పండి.

ఈ ప్రతిపాదన ముసాయిదా నియమం రూపంలో రాసి ఇవ్వడానికి నేను సిద్ధంగా ఉన్నాను. మీలో ఎవరు విశాఖ వచ్చినప్పుడు సమయం ఇచ్చినా వచ్చి కూర్చుంటాను, బార్‌లోని మిత్రులను కూడా తీసుకొస్తాను.

ఇట్లు,
విశాఖపట్నం న్యాయవాది